బాడుగ ఇల్లు – సర్కారు సొమ్ము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ కాలమున ఆ సామెతకు మూడవ మాట ఒకటి చేర్చవలసి యున్నది: బాడుగకు ఇల్లు వెదకి చూడు. చేతిలో పైకమున్న వానికే ఈ వెదుకులాట సులభము కాదు. ఇక ప్రభుత్వమిచ్చు పింఛను మీదనో, విద్యార్థికి వచ్చు సహాయము మీదనో, ఉపాధి కూలి మీదనో సంసారము నడుపుకొనువారి మాట చెప్పనక్కరలేదు. వారికి ఇల్లు ఇచ్చుటకు ఇంటివారు వెనుకాడుదురు. ఆ వెనుకాడుటకు గల కారణములేమి, వానిలో న్యాయమైనవి ఏవి, కానివి ఏవి అను సంగతిని అనంతపురము సీమను ఆధారముగా గైకొని ఈ ప్రసంగములో విచారింపదలచినాము.

అనంతపురము మెట్టసీమ. నైరుతి ఋతుపవనము పడమటి కనుమలను దాటి వచ్చునప్పటికి తన తేమను చాలవరకు అచటనే విడిచివచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమున వర్షించి, ఇంత లోపలికి వచ్చునప్పటికి నీరసించును. అందుచేత ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే ఇచటి నేలకు దక్కుచున్నది. దేశమున మిక్కిలి తక్కువ వాన పడు సీమలలో ఇది ఒకటి. 1882లో బళ్ళారి జిల్లానుండి విడివడి ఏర్పడిన ఈ జిల్లా 2022 ఏప్రిల్ 4న మరల రెండుగా విభజింపబడినది. పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లా వెలసినది. ధర్మవరము, హిందూపురము, కదిరి అందులో చేరినవి. కాగితము మీద జిల్లాలు రెండైనను, కరవు రెండింటికిని ఒక్కటియే.

ఇచటి ఎర్రనేలలో ప్రధానమైన పంట వేరుశెనగ. ముంగారు వానకు విత్తి, కాయ ఊరు వేళకు మరి రెండు వానలు పడునని రైతు ఎదురుచూచును. ఆ రెండు వానలు పడని ఏట పల్లెలోని యువకులు మూటలు కట్టుదురు. కొందరు బెంగుళూరునకు పోయి కట్టడపు పనులలో చేరుదురు. కొందరు అనంతపురము, గుంతకల్లు, హిందూపురము వంటి పట్టణములలో కూలికి కుదురుదురు. పిల్లల చదువు కొరకు పట్టణము చేరు తల్లులు కలరు. ఆసుపత్రికి దగ్గరగా ఉండవలెనని వచ్చు వృద్ధులు కలరు. పల్లెలో ఎంతటి చిన్నదైనను వారికి తమదను కొట్టము ఒకటి ఉండెడిది. పట్టణమున అడుగుపెట్టిన నాటినుండి తలదాచుకొనుటకు పరుల గడప ఎక్కవలసినదే.

ఆ గడపయొద్ద ఏమి జరుగునో మనము ఎరుగనిది కాదు. ఇంటి ఎదుట ‘ఇల్లు బాడుగకు ఇవ్వబడును’ అను బోర్డు వ్రేలాడుచుండును. దాని క్రింద చిన్న అక్షరములతో ‘ఉద్యోగస్థులకు మాత్రమే’ అనియో, ‘చిన్న కుటుంబమునకు’ అనియో, ‘శాకాహారులకు’ అనియో వ్రాసి యుండును. తలుపు తట్టిన వారిని ఇంటివారు ముందుగా అడుగు ప్రశ్న “ఏం పని చేస్తావప్పా?” అని. ఆఫీసు పేరు చెప్పినచో రెండవ ప్రశ్న బాడుగను గూర్చి వచ్చును. “మా యమ్మకు పింఛను వస్తుంది సామీ, నేను కూలికి పోతాను” అన్నచో రెండవ ప్రశ్న రాదు. “ఇల్లు ఇప్పుడే వేరేవాళ్లకు మాటిచ్చినాము” అను జవాబు వచ్చును. బోర్డు మాత్రము మరునాడును అచటనే వ్రేలాడుచుండును.

పింఛను అను మాటను గూర్చి ఇచట ఒక్క క్షణము ఆగుదము. పదవి నుండి విరమించిన ఉపాధ్యాయునకో, తాసిల్దారు కచేరీ గుమాస్తాకో వచ్చునది పింఛనే. వృద్ధురాలికి, వితంతువునకు, వికలాంగునకు వచ్చునదియు పింఛనే. రెండును ఒకే ఖజానానుండి వెడలునవియే. కాని మొదటివానికి ఇల్లు అడిగిన వెంటనే దొరకును, రెండవవారికి దొరకదు. మొత్తము తక్కువ గదా అని కొందరనవచ్చును. నిజమే. ఆంధ్రప్రదేశమున 2024 జూలై నుండి వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయల చొప్పునను, వికలాంగులకు 6,000 రూపాయల చొప్పునను ఇచ్చుచున్నారు. పెద్ద మొత్తము కాదు. అయినను దానికొక గుణము కలదు. నెల మొదటి తేదీన అది ఇంటి గడపకే వచ్చి చేరునట్లు ఏర్పాటు చేసినారు. ఒక చిన్న గదికి బాడుగ చెల్లింపవలసిన వానికి, చెల్లింపించుకొనవలసిన వానికిని, పైకము ఏ దినమున చేతికి వచ్చునో ముందుగా తెలియుటకన్న మించిన భరోసా లేదు. రోజు కూలికి ఆ భరోసా లేదు. చిన్న వ్యాపారికిని లేదు. అయినను పింఛను ముసలమ్మను కాదని, సొగసుగా మాటలాడు వ్యాపారికి తాళపుచెవి ఇచ్చు ఇంటివారు పెక్కుమంది కలరు.

ఇంటివారి మాట కూడ వినుట ధర్మము. బాడుగకు ఇండ్లిచ్చువారందరు ధనవంతులు అనుకొనుట పొరపాటు. పట్టణములలో పెక్కుమంది తామున్న ఇంటిలోనే ఒక పోర్షను వేరుచేసి ఇచ్చువారు. పదవీ విరమణ సొమ్ముతో మిద్దె వేసి, ఆ మిద్దె బాడుగతో బ్యాంకు కంతు కట్టువారు వారిలో కొందరు. భర్త పోయిన పిదప ముందటి గది బాడుగ మీదనే జీవించు స్త్రీలు కొందరు. రెండు నెలల బాడుగ రాకపోయినచో వారి పొయ్యి మీదనే ఆ లోటు కనబడును. వారు భయపడుటలో వింత లేదు.

అంతేకాదు. కరవు సీమలో ఇంటివారికి నీటి లెక్క ఒకటి కలదు. మునిసిపాలిటీ కొళాయి రెండు మూడు దినములకొకమారు వచ్చు వీథులలో, సంపులోని నీరు ఎందరికి చాలునను ప్రశ్న బాడుగకన్న ముందు వచ్చును. “ఇంట్లో ఎంతమంది?” అని ఇంటివారు అడిగినపుడు వారి మనస్సులో మెదలునది మనుష్యుల సంఖ్య కాదు, బిందెల సంఖ్య. వేసవిలో ట్యాంకరు నీరు కొనవలసి వచ్చినచో ఆ ఖర్చు ఎవరు భరింపవలెనను తగవును మేము పలుమారులు వినియున్నాము.

కరెంటు మీటరు లెక్క మరియొకటి. 2019 పిమ్మట మన రాష్ట్రమున సంక్షేమ పథకములకు అర్హత నిర్ణయించు నియమములలో, కుటుంబము నెలకు వాడు విద్యుత్తు 300 యూనిట్లకు మించరాదను షరతు చేరినది. తన ఇంటికిని, బాడుగ పోర్షనుకును ఒకే మీటరు ఉన్న సామాన్యునకు దీనితో కొత్త చింత పుట్టినది. బాడుగవారు కాల్చిన యూనిట్లు తన పేరున లెక్కకు వచ్చి, తన తల్లి పింఛను పోవునేమో అని అతని భయము. పేదవానిని కాపాడుటకు పెట్టిన నియమము వేరొక పేదవానికి ఇల్లు దొరకకుండ చేయగలదని ఆ నియమమును వ్రాసినవారు ఊహించి యుండరు. పోర్షనుకు వేరు మీటరు పెట్టించుకొన్నచో ఈ చింత తీరును. కాని దానికిని ఖర్చు కలదు.

ఇక సర్కారు సొమ్ములో తేదీ తెలియనిది ఒకటి కలదు. దానిని గూర్చి ఇంటివారు చెప్పు ఫిర్యాదు న్యాయమైనదే. అనంతపురము విద్యల పట్టణము. 1946లో ఏర్పడిన ఇంజనీరింగు కళాశాల 2008లో జవహర్లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయముగా రూపొందినది. 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము వెలసినది. కరవు పల్లెల పిల్లలు వీనికిని, ఇతర కళాశాలలకును వచ్చి, హాస్టలు దొరకని యెడల నలుగురైదుగురు కలసి గది తీసికొందురు. ఇట్టివారి వసతికి, భోజనమునకు తోడ్పడవలెనని రాష్ట్ర ప్రభుత్వము 2020 ఫిబ్రవరిలో వసతి దీవెన అను పథకమును ఆరంభించినది. డిగ్రీ, ఆపై చదువుల వారికి ఏడాదికి 20,000, పాలిటెక్నిక్ వారికి 15,000, ఐ.టి.ఐ. వారికి 10,000 రూపాయలు, రెండు కంతులుగా తల్లి బ్యాంకు ఖాతాలో వేయుట దాని పద్ధతి. 2023 ఏప్రిల్ 26న అనంతపురము జిల్లా నార్పలలో జరిగిన సభలో ముఖ్యమంత్రి ఒక కంతును విడుదల చేసిరి. సుమారు 9 లక్షల 55 వేల మంది విద్యార్థులకు 912 కోట్ల రూపాయలు ఆనాడు విడుదలైనవి. 2024లో ప్రభుత్వము మారిన పిదప ఆ పథకము ఆ రూపమున నిలువలేదు.

పథకము మంచిచెడ్డల వివాదము మన ప్రసంగ విషయము కాదు. బాడుగకును దానికిని గల సంబంధమే మనకు కావలసినది. ఏడాదికి 20,000 అనగా నెలకు 1,666 రూపాయలు. నలుగురు కలసి ఉండు గదిలో ఒకని వంతు బాడుగకు అది కొంత ఆదరువే. కాని ఇంటివారు బాడుగ అడుగునది నెలకొకమారు. సొమ్ము వచ్చునది ఏడాదికి రెండుమారులు. కంతు ఏ నెలలో పడునో విద్యార్థి చెప్పలేడు, అతని తల్లి చెప్పలేదు, కళాశాలవారును చెప్పలేరు. “దీవెన పడంగానే ఇస్తాము సార్” అను మాట విని నాలుగు నెలలు ఓపిక పట్టిన ఇంటివారు, మరుసటి ఏడు విద్యార్థులకు ఇల్లు ఇవ్వము అన్నచో వారిని పూర్తిగా తప్పుపట్టజాలము.

నార్పల మండలమునకే చెందిన బండ్లపల్లె పేరు దేశమంతటను వినబడినది. 2006 ఫిబ్రవరి 2న నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకమును ఆరంభించినది ఆ పల్లెలోనే. పని చేసిన 15 దినములలో కూలి చెల్లింపవలెనని 2005 నాటి ఆ చట్టము శాసించినది. ఆలస్యమైనచో దినమునకు నూటికి ఐదు పైసల చొప్పున పరిహారమీయవలెనని పిమ్మట నియమము ఏర్పడినది. అనగా వెయ్యి రూపాయల కూలి ఒక దినము ఆలస్యమైనచో పరిహారము అర్ధ రూపాయి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టము స్థానమున వేరొక చట్టమును ఆమోదించినది. చట్టము పేరేదైనను, కూలి పడు దినము నిశ్చయము కానంత వరకు, పల్లెలో మిగిలిన తండ్రి పట్టణమున చదువుకొను కుమారుని గది బాడుగకు మాట ఈయలేడు. తేదీ తప్పిన సొమ్మునకు లెక్క ప్రకారము పరిహారము దొరకినను, తప్పిన మాటకు పరిహారము లేదు.

కావున ఇంటివారు సర్కారు సొమ్ము అని ఒకే గంపలో వేయుచున్నది రెండు వేరు వేరు సరకులు. తేదీ గల సొమ్ము ఒకటి, తేదీ లేని సొమ్ము ఒకటి. మొదటిదానిని నమ్మకపోవుట ఇంటివారి తప్పు. రెండవదానిని నమ్మలేకపోవుట ప్రభుత్వపు తప్పు. ఈ రెండింటిని విడదీసి చూడనంత వరకు తగవు తీరదు.

ప్రభుత్వము పేరు వినగానే ఇంటివారు ఉలికిపడుట నేటిది కాదు. 1960లో మన రాష్ట్రమున వచ్చిన కట్టడముల అద్దె నియంత్రణ చట్టము ప్రకారము, ఇల్లు ఖాళీ అయిన పది దినములలోగా యజమాని ఆ సంగతిని నియమిత అధికారికి వ్రాతమూలముగా తెలుపవలసి యుండెను. ప్రభుత్వమునకు అవసరమైనచో ఆ ఇంటిని తన ఉద్యోగులకు కేటాయింపవచ్చును. ఉద్దేశము మంచిదే. ఇండ్ల కొరత మిక్కుటముగా ఉన్న కాలమది. కాని ఇల్లు ఖాళీ అయినదని చెప్పినచో ఎవరిని తెచ్చి పెట్టుదురో అను శంకతో, ఇల్లు ఖాళీ కాకుండగనే లోపాయికారిగా మరియొకరికి మాట ఇచ్చుట యజమానులకు అలవాటైనది. బాడుగవానిని లేపజాలమను భయము, పన్నెండేండ్లు ఉన్నచో ఇల్లు వానిదే అగునను పుకారు దానికి తోడైనవి. ఈ పుకారు సరికాదు. యజమాని అనుమతితో, బాడుగ ఒడంబడికపై ఉన్నవాడు ఎన్ని ఏండ్లున్నను, ఆ కాలపరిమితి చేత ఇంటికి హక్కుదారుడు కాజాలడు. అయినను ఆ భయము నేటికిని తలుపు వెనుక నిలిచియే యున్నది.

ఇట్టి చిక్కు మన దేశమునకే పరిమితము కాదు. ఇంగ్లండులో పేదలకు ప్రభుత్వము బాడుగ సహాయము చేయును. అయినను ఇండ్ల ప్రకటనలలో ‘నో డీ.ఎస్.ఎస్.’ అను మాటలు చిరకాలము కనబడుచుండెను. సాంఘిక భద్రతా శాఖ పేరులోని మొదటి అక్షరములవి. సర్కారు సహాయము పొందువారు రావలదని దాని భావము. ఆ శాఖ 2001లోనే అంతరించినను ఆ మాట ప్రకటనలలో బ్రతికియే యుండెను. 2020 జూలైలో యార్క్ న్యాయస్థానము అట్టి నిరాకరణ చట్టవిరుద్ధమని తీర్పు చెప్పినది. సహాయము పొందువారిలో స్త్రీలు, వికలాంగులు ఎక్కువ గనుక, అందరిని ఒక్కమారుగా కాదనుట వారి పట్ల వివక్షయే అని ఆ తీర్పులోని తర్కము. 2025లో ఇంగ్లండు కొరకు చేసిన బాడుగదారుల హక్కుల చట్టము ఇట్టి వివక్షను స్పష్టముగా నిషేధించినది.

అమెరికాలో 1974 నాటి చట్టము క్రింద పేద కుటుంబము తన ఆదాయములో సుమారు మూడవ వంతు మాత్రము బాడుగగా చెల్లించి, తక్కినది ప్రభుత్వము తిన్నగా యజమానికే చెల్లించు ఏర్పాటు ఆరంభమైనది. పైకము తిన్నగా యజమాని చేతికే చేరినను, 2018లో వెలువడిన ఒక పరిశోధనలో ఫోర్ట్ వర్త్ నగరమున నూటికి 78 మంది, లాస్ ఏంజిలిస్‌లో 76 మంది, ఫిలడెల్ఫియాలో 67 మంది యజమానులు అట్టి వారికి ఇల్లు ఇవ్వమనిరి. న్యూఆర్క్‌లో 31 మంది, రాజధాని వాషింగ్టనులో 15 మంది మాత్రమే నిరాకరించిరి. నిరాకరణ తక్కువగా ఉన్న ఈ రెండు చోట్లను వివక్షను నిషేధించు చట్టము అప్పటికే కలదు. ఫిలడెల్ఫియాలోను చట్టము కలదు, అయినను నిరాకరణ ఎక్కువే. దీనివలన మనము నేర్వవలసినది ఏమనగా, చట్టము అవసరమే, కాని దానిని అమలు జరుపు చేయి లేనిచో అది చాలదు.

మరియొక సంగతియు ఇందు తేటపడుచున్నది. నిశ్చయముగా వచ్చు పైకమును సైతము కాదనువారు ఉన్నారనగా, వారి అభ్యంతరము పైకమును గూర్చి కాదన్నమాట. మన యొద్దను అట్లే. “పింఛను మీద బ్రతికేవాళ్లకు ఇవ్వము” అను మాట వెనుక “మీ కులమువారికి ఇవ్వము”, “మీ మతమువారికి ఇవ్వము”, “మగదిక్కు లేని ఆడదానికి ఇవ్వము” అను మాటలు పెక్కుమారులు దాగియుండును. పైకమును గూర్చిన సాకు మర్యాదగా వినబడును గనుక దానిని ముందుకు నెట్టుదురు. ఢిల్లీ, దాని పరిసర నగరములలో సుఖదేవ్ థోరట్ మొదలగు పరిశోధకులు జరిపి 2015లో ప్రకటించిన పరిశీలనలో, ఇల్లు అడిగిన దళితులకు, ముస్లిములకు ఇతరులకన్న ఎక్కువగా నిరాకరణ ఎదురైనట్లు తేలినది. అస్పృశ్యతను కారణముగా జేసి, ఏ వ్యక్తినైనను ఒక వీథిలో నివాసముండకుండ అడ్డగించుట నేరమని 1955 నాటి చట్టమే చెప్పుచున్నది. ఆ చట్టము వచ్చి ఏడు దశాబ్దములు గడచినవి. అయినను “మీరు ఏమిట్లో?” అను ప్రశ్న నేటికిని బాడుగ ఇంటి గడపయొద్ద వినబడుచున్నది.

వలసపోయినవాడు బెంగుళూరు చేరినచో వేరొక అడ్డు ఎదురగును. పది నెలల బాడుగను అడ్వాన్సుగా అడుగుట ఆ నగరమున చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. పంట పోగొట్టుకొని వచ్చినవాని యొద్ద పది నెలల సొమ్మే యున్నచో అతడు ఊరు విడువనే విడువడు. అందువలన అతడు కట్టుచున్న భవనపు నీడనే రేకుల గుడిసె వేసికొని, ఇంకొకరి ఇల్లు పూర్తియగు వరకు అందులో కాపురముండును.

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశపు పట్టణములలో ఒక కోటి పది లక్షలకు పైగా ఇండ్లు ఖాళీగా ఉండెను. మరుసటి ఏడు కేంద్ర ప్రభుత్వము నియమించిన నిపుణుల సంఘము, పట్టణములలో ఇండ్ల కొరత ఒక కోటి ఎనుబది ఎనిమిది లక్షలని, అందులో నూటికి 96 పాళ్లు పేదలకు, అల్పాదాయ వర్గములకు చెందినదని లెక్కకట్టినది. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో విషయము బోధపడును. గోడలు లేక కొంత కొరత. గోడలుండియు తలుపు తెరువక కొంత కొరత.

ఇక చేయవలసినదేమి? చట్టము కొంత దారి చూపినది. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన ఆదర్శ అద్దె చట్టము, నివాస గృహములకు అడ్వాన్సు రెండు నెలల బాడుగను మించరాదనియు, ఒడంబడిక వ్రాతమూలముగా ఉండవలెననియు, తగవులు తీర్చుటకు ప్రత్యేకాధికారి ఉండవలెననియు చెప్పినది. ఇది రాష్ట్రములకు మాదిరి మాత్రమే. ఆ మార్గమున తమ చట్టములను సవరించుకొన్న కొన్ని రాష్ట్రములలో ఆంధ్రప్రదేశము ఒకటి. 2020 జూలైలో వలస కార్మికుల కొరకు అందుబాటు అద్దె గృహముల పథకము వచ్చినది. 2024లో ఆరంభమైన రెండవ విడత పట్టణ ఆవాస యోజనలోను అద్దె ఇండ్లకు ఒక భాగము కేటాయించినారు. ఇవి మంచి ఆరంభములు. వీనికి తోడు మేము మూడు మనవులు చేయుచున్నాము.

మొదటి మనవి ప్రభుత్వమునకు. వసతి కొరకు ఇచ్చు సొమ్ము ఏ పేరున ఇచ్చినను, నెల నెలా, ఒక తేదీన ఇయ్యవలెను. మొత్తము పెంచుట కష్టమైన ఏట తేదీనైనను నిలుపుకొనవలెను. వృద్ధుల పింఛను నెల మొదటి దినమున ఇంటికి చేర్చగలిగిన యంత్రాంగము విద్యార్థి వసతి సొమ్మును చేర్చలేకపోవుటకు కారణము లేదు. బాడుగ ఒడంబడిక చూపిన పేద విద్యార్థికి, వితంతువునకు, రెండు నెలల అడ్వాన్సుకు ప్రభుత్వమే హామీ నిలిచినచో, ఇంటివారి భయములో సగము తీరును. ఆ హామీకి అయ్యెడు ఖర్చు బాడుగ ఎగవేసిన చోట మాత్రమే.

రెండవ మనవి ఇంటివారికి. ఇల్లు అడుగ వచ్చినవాని సంపాదన ఎంత అని అడుగుట మీ హక్కు. అది ఏ దినమున వచ్చునని కూడ అడుగుడు. తేదీ చెప్పగలిగినవానికి, వాని సొమ్ము ఎచటినుండి వచ్చినను, ఇల్లు ఇచ్చుటకు వెనుదీయకుడు. పదునొకండు నెలల కాగితమే అయినను వ్రాసికొనుడు. నీటికి, కరెంటునకు ఎవరెంత అన్నది అందులోనే వ్రాయుడు. బాడుగ పుచ్చుకొన్నప్పుడెల్ల రసీదు ఇయ్యుడు. నోటిమాట మీద నడచు బాడుగలో తగవు వచ్చినపుడు ఇరువురును నష్టపోవుదురు.

మూడవ మనవి బాడుగకు ఉండువారికి. రసీదులు భద్రపరచుకొనుడు. పింఛను పుస్తకమును, బ్యాంకు ఖాతా పుస్తకమును ఇల్లు అడుగునపుడు చేత పట్టుకొని పొండు. గడచిన పన్నెండు నెలలు పింఛను ఏ తేదీన వచ్చినదో చూపు పుటకన్న మంచి పరిచయ పత్రము లేదు. సొమ్ము ఆలస్యమైన నెలలో ముఖము చాటు చేసికొనక, ముందుగా పోయి ఇంటివారితో చెప్పుడు. మాట దాచినవానిని ఒక్కని చూచి, ఇంటివారు వాని వెనుక వచ్చు నలుగురికి తలుపు మూయుదురు.

సొంత ఇల్లు ఉన్నచో ఈ తగవే లేదు గదా అనువారు కలరు. ఆ మార్గమును ఈ సీమ ఎరుగును. 1969లో అనంతపురమునకు వచ్చి, 2009లో ఇచటనే కన్నుమూసిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు దళితవాడలలో పక్కా ఇండ్లు కట్టించినది. కొట్టముల స్థానమున గట్టి గోడలు లేచిన పల్లెలు పెక్కు కలవు. ఆ మేలు మరువరానిది. కాని పల్లెలోని సొంత ఇల్లు పట్టణమునకు నడచి రాదు. వాన లేని ఏట ఇంటికి తాళము వేసి బయలుదేరక తప్పదు. చదువుకొను పిల్లవాడు, ఆసుపత్రికి వచ్చిన ముసలమ్మ, కూలికి వచ్చిన దంపతులు, ఎల్లకాలము పట్టణమున ఉండుటకు రారు. వారికి కావలసినది కొన్ని నెలలకో, కొన్ని ఏండ్లకో ఒక గది, ఒక తాళపుచెవి. అందుచేత సొంత ఇండ్ల పథకములు ఎన్ని వచ్చినను, కరవు సీమకు బాడుగ ఇంటి అవసరము తీరదు.

వాన ఎప్పుడు వచ్చునో చెప్పుట మన చేతిలో లేదు. ప్రభుత్వము ఇత్తునన్న సొమ్ము ఎప్పుడు వచ్చునో చెప్పుట మన చేతిలోనిదే. వానను నమ్ముకొని మోసపోయి పట్టణమునకు వచ్చినవానిని, ఆ సొమ్మును నమ్ముకొని మరల మోసపోకుండ చూచుట ప్రభుత్వము బాధ్యత. తేదీ తప్పక సొమ్ము వచ్చువానికి, వాడెవడని గాక వాని మాటను చూచి, తలుపు తెరచుట ఇంటివారి బాధ్యత. ఈ రెండును జరిగిన నాడు ‘ఉద్యోగస్థులకు మాత్రమే’ అను చిన్న అక్షరములకు బోర్డు మీద చోటుండదు.